దెబ్బకు ముందున్న ఖాళీ

రాములన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఖమ్మం స్టూడియోకి రికార్డు చేసిన శబ్దాలను ముక్కలుగా దాచి వాయించే సాంప్లర్ కొత్తది, తెర ఉన్నది వచ్చింది. పాత మిషన్‌లో నీ డప్పు దెబ్బలను చెవితోనే వెతికి కోసేవాళ్లం. "కండ్లు మూసుకో తమ్మీ, గప్పుడు ఇనబడ్తది" అనేవాడివి. ఇప్పుడు శబ్దమంతా గీతలా కనబడుతుంది.

పొద్దున దుమ్ముగూడెం లచ్చక్క పాటకు, రికార్డు చేసి ఉంచిన నీ దెబ్బలే తీశాను. ప్రతి దెబ్బకు ముందు గీత చదునుగా ఉంటే, ఖాళీ అనుకుని కోసేసి, ఉన్న ఒక్క ఫ్లాపీలో పాతదాని మీదే సేవ్ చేశాను. అన్నా, అలసటలో కోసినదాన్ని ఒకసారి కూడా వినలేదు.

నీతో అన్నేళ్లు పాడిన లచ్చక్క ఆ దెబ్బల మీద పాడబోయి ఆగిపోయింది. "గిదేంది తమ్మీ, ఎప్పుడు అందుకోవాల్నో తెలుస్తలేదు" అంది.

కళ్లు మూసుకుని విన్నాను. దెబ్బ సరిగ్గానే పడుతోంది. కొట్టబోయే ముందు నువ్వు పీల్చే ఊపిరే లేదు.