పచ్చలోకి జరిగిన ఎరుపు

జూలై 4
ధర్మవరం నుంచి అన్న ఫోను. మగ్గం మీద జానెడు నేసినాక చూసుకున్నాడంట — అంచులో ఉండాల్సిన ఎరుపు పోగులు చీర పచ్చ ఒంట్లోకి వచ్చేసినాయి. కొత్త పోగులు కలిపి అచ్చు అతికింది అమ్మ.
"అమ్మ చెయ్యి తప్పిందంటే నమ్మబుద్ధి కాలేదు మే..."
నేను పెనుకొండ స్టేషన్లో, పాఠం చెప్పే కాలేజీకి పోవాలని హిందూపురం బండి కోసం నిలబడి ఉన్నా. సరేలే అన్నాను. బండెక్కినాను.

జూలై 5
ధర్మవరం. అమ్మ ఎదురుగా కూర్చున్నా. పాత అచ్చు కొసకు కొత్త పోగు కలపడం, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలిపెట్టడం, పక్క పోగు పట్టుకోవడం. వేల పోగులు. ఈ పనికి కళ్ళు అక్కర్లేదు. టీవీ సీరియల్ చూస్తా అతుకుతుందని అందరికీ చెప్పుకునేవాళ్ళం. చూస్తాందనే అనుకున్నాం.
ఒక్కో కన్నూ మూయించి నా చెయ్యి చూపించినాను. కుడికంటికి చెయ్యే కనపడలేదు. ఎడమకంటికి ఉంది గానీ వేళ్ళు విడివిడిగా లేవు.
"ఎప్పట్నుంచి మా?"
"ఉగాదికి ముందు నుంచే. పొగ మాదిరి. పనికి అడ్డం రాల్యా గదా."
నడుమ నాలుగు పోగులు తెగి ఉంటే వేళ్ళకు అందలేదు. వరస జరిగింది. పోగు వేళ్ళకు తెలుస్తుంది. రంగు తెలీదు.
కళ్ళ గురించే చదివిన నన్ను చూసి దీపం కిందే చీకటి అని అన్న అనలేదు. అని ఉంటే బాగుండేది.

జూలై 7
హిందూపురం, కంటి డాక్టరు. షుగరు వల్ల. కుడికన్ను ఇక రాదు. ఎడమకంటి వెనక పొర, రెటీనా, ఉబ్బింది — నెలకొక ఇంజెక్షన్, కంట్లోకే. అదన్నా నిలుస్తుందా అంటే "చూద్దాం".
కంటి లోపలి ఫోటో చూపించినాడు. కొత్త రక్తనాళాలు, సన్నగా, వంకరటింకరగా. "మీకు చెప్పేదేముంది మేడమ్..." నిజమే. పీహెచ్‌డీ అంతా ఇదే పని. డిష్‌లో కోడిపిల్ల రెటీనా కణాలు, వాటి మీద పెప్టైడ్ అనే చిన్న ప్రోటీను చుక్కలు.
ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

జూలై 8
సెకండియర్ క్లాసు. పాఠం — కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు. బోర్డు మీద రెటీనా గీసినాను. ఊపిరాడని కణం కబురు పంపుతుంది. ఆ కబురు ఒక చిన్న ప్రోటీను. అది అందుకుని పక్కనున్న రక్తనాళం కొమ్మ వేస్తుంది. తొందరలో వేసిన కొమ్మ, గోడ పల్చన, కారుతుంది. ఇంజెక్షన్ ఆ కబురును దారిలోనే పట్టేస్తుంది. కణం ఆకలి మాత్రం అట్లే ఉంటుంది.
"మేడమ్, అయితే ఆ కణం చేసింది తప్పా?" అని ముందు బెంచీలో ఒకమ్మాయి.
కాదన్నాను. ఇంకేదో చెప్పాలి... గంట కొట్టినారు.

జూలై 11
మొదటి ఇంజెక్షన్. అమ్మ కదల్లేదు, మెదల్లేదు. బయటికొచ్చినాక —
"కంట్లో ఏం పెరిగిందంట మే?"
చెప్పినాను. గాలి అందక కణాలు కేకేసినాయి, అది విని నెత్తురు నరాలు మొలిచినాయి.
"నేను నోరు మూసుకుంటే అది అరిచిందా" అంది. నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

జూలై 12
పొద్దున్నే అమ్మ పొట్టకు ఇన్సులిన్ వేసినాను. అదీ పెప్టైడే. డిష్‌లో ఒక చుక్క వేస్తే రెటీనా కణాలు చావకుండా నిలబడేవి, చేతులు చాచేవి. ఫోటో తీసి అమ్మకు కూడా చూపించినా అప్పట్లో. "సాలెగూడు మాదిరి ఉండాదే" అంది.
ఎంత చుక్క వేయాలో నాకు బాగా తెలుసు. డిష్‌కు.

జూలై 16
బండి లేటు. రాసేదేమీ లేదు.

జూలై 20
శ్రావణం దగ్గర పడింది, పెళ్ళి చీరలు. ఈ అచ్చు వేరే ఆమెతో అతికిస్తానన్నాడు అన్న. అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఇన్సులిన్ వేసుకుని పస్తుంటే పడిపోతావని అరిచినాను. ఈ నెలంతా నేను గట్టిగా మాట్లాడింది అదే.
"ఆ పని కూడా తీసేస్తే నేనెందుకు మే ఈడ?" అంది అమ్మ. అన్న అచ్చు వెనక్కి తెచ్చి అమ్మ ముందు పెట్టినాడు.

ఆగస్టు 9
రెండో ఇంజెక్షన్. ఉబ్బు కొంచెం తగ్గిందంట. చూపు పెరిగిందా అంటే, డాక్టరు అమ్మను అడగమన్నాడు. అమ్మ డాక్టర్ని అడగమంది.

ఆగస్టు 17
ధర్మవరం. అమ్మ అతుకుతా ఉంది, నేను పక్కన కూర్చుని రంగు చెప్తా ఉన్నా. పచ్చ. పచ్చ. పచ్చ. టీవీ లేదు.
అంచు వచ్చే చోట, ఎడమకన్ను ఎంత మిగిలిందో చూద్దామని, నోరు మూసుకున్నా.
అమ్మ వేళ్ళు ఆగినాయి.
"ఈడ మారింది గదా."
ఇన్నాళ్ళకు ఏదో అనిపించింది.
"కనపడిందా మా?"
"నువ్వు చెప్పేది ఆపితివి గదా మే."
వేళ్ళు అట్లే గాలిలో పెట్టుకుని ఉంది, నా కోసం.
ఎరుపు, అన్నాను.