ఖాళీగా తిరిగివ్వని గిన్నెలు

ఫిబ్రవరి, 1986

నా బంగారు తల్లి ట్వైలాకి,

నీకూ, ఇమోజీన్ అత్తకీ ముద్దులు. నన్ను బట్టలుతికే చోటు నుంచి జైలు వంటశాలకి మార్చారు. పొద్దున్నే మొక్కజొన్న రొట్టెలకి పిండి కలపడం నా పని. తొట్టి పశువులు నీళ్లు తాగేదంత ఉంటుంది, గరిటె పారంత ఉంటుంది. గనిలో బొగ్గు ఎత్తిన చేతులు కదా, పిండీ అలాగే ఎత్తుతున్నాయి.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను, కూర్చుని చదువు. పెరోల్ బోర్డువాళ్లు ఒప్పుకున్నారు. మే నెలలో వదిలేస్తారు. వాళ్లలో ఒక పెద్దాయన, "మూతబడ్డ గనిలో రాగి తీగలు కోసుకుపోయినవాడివి, రేపు ఇంకోచోట కోయవని ఏమిటయ్యా నమ్మకం?" అని అడిగాడు. "నాకు పద్నాలుగేళ్ల కూతురుందండీ" అన్నాను. ఆయన తల ఊపి ఏదో రాసుకున్నాడు.

పని దొరికేదాకా అత్త ఇంట్లోనే ఉంటాను. వరండా చాలు నాకు.

ఈ మధ్య ములాఖత్‌కి అత్త ఒక్కతే వస్తోంది. నీకు ఒంట్లో నలతగా ఉందంటుంది. ఎలా ఉన్నావు? ఒక్క ముక్క రాయి తల్లీ.

నీ నాన్న,
వర్జిల్

*

కాబ్స్ ఫోర్క్,
మార్చి

ప్రియమైన నాన్నకి,

నేను బాగున్నాను. అత్త బాగుంది. సాక్సుల ఫ్యాక్టరీలో ఆమెకి రెండో షిఫ్టు పడింది, నేను బడి నుంచి వచ్చేసరికి వెళ్లిపోతుంది. చర్చి పాటల బృందంలో నన్ను చేర్చుకున్నారు. కార్లీన్ అనే అమ్మాయి నా పక్కన నిలబడుతుంది. ఈ ఊరొచ్చాక నాకు దొరికిన మొదటి స్నేహితురాలు.

మేలో విడుదలంటే సంతోషం. నాన్నా, ముందు నాక్స్‌విల్‌లో లానీ బాబాయి దగ్గరికి వెళ్తే మంచిదేమో. అక్కడైతే పనులు దొరుకుతాయట. ఇక్కడ సాక్సులు తప్ప ఏమీ లేవు.

ఇంకో మాట. నీ కవర్ల మీద జైలు ముద్ర ఉంటోంది. మా ఉత్తరాల డబ్బా రోడ్డు పక్కనే ఉంది, వచ్చేపోయేవాళ్లు చూస్తారు. అత్త పేరు మీద ఫ్యాక్టరీకి రాయగలవా?

ఇంక హోంవర్క్ ఉంది.

ట్వైలా

*

మార్చి

నా ట్వైలాకి,

ముద్ర పడకుండా ఇక్కణ్నుంచి చీమ కూడా బయటికి పోదమ్మా. అందుకే నువ్వు చెప్పినట్టు ఫ్యాక్టరీకే రాస్తున్నాను.

లానీ దగ్గరికి వెళ్లమన్నావు. వాళ్లకున్నది ఒకటే గది. అందులో వాడూ, వాడి పెళ్లాం, కవల పిల్లలు, ఒక వేటకుక్క. కుక్క జరుగుతానంటే నాకూ చోటుంటుంది. అడిగి చూస్తాను.

మీ అమ్మ పోయిన దగ్గర్నుంచి నిన్ను చంకనేసుకుని పెంచినవాణ్ని. "పనులు దొరుకుతాయట" అని నువ్వు రాశావంటే ఆ మాట వెనక ఇంకేదో నక్కి ఉంది. తిట్టను. తిట్టే మొహం నాకెక్కడిది? చెప్పు.

నీ నాన్న

*

కాబ్స్ ఫోర్క్,
ఏప్రిల్

నాన్నా,

ముందు 'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. ఆ మాట రాసే అర్హత నాకు లేదనిపించింది.

ఈ ఊళ్లో నువ్వు చనిపోయావు. నేనే చంపాను.

మేలో వదిలేస్తారని నువ్వు రాసిన ఉత్తరం చదివి ఏడ్చాను. సంతోషమో భయమో నాకే తెలియలేదు. ఎర్రబడ్డ కళ్లతోనే పాటల సాధనకి వెళ్లాను. "ఏమైందే?" అంది కార్లీన్. "మా నాన్న పోయాడు" అన్నాను. అనాలని అనుకోలేదు నాన్నా, నోట్లోంచి జారిపడింది. "అయ్యో, ఎలా?" అంది. గనిలో పైకప్పు కూలిందన్నాను. అంత్యక్రియలు మన పాత ఊళ్లో అయిపోయాయన్నాను. ఒక్కో అబద్ధం ఇంకో అబద్ధాన్ని చెయ్యిపట్టుకుని లాక్కొచ్చింది. నువ్వు ఇక్కడికి రాకపోతే ఎవరికీ తెలియదు కదా అని లానీ బాబాయి మాట రాశాను.

కార్లీన్ వాళ్లమ్మతో చెప్పింది. వాళ్లమ్మ పాస్టరుగారి భార్య డెల్ఫియా గారితో చెప్పింది. శనివారం పొద్దున ఎవరో తలుపు కొట్టారు. అత్త జుట్టు ఉంగరాలు తిరగడానికి రోలర్లు చుట్టుకుని, పాత గౌనుతోనే వెళ్లి తీసింది. వరండా నిండా చర్చి ఆడవాళ్లు. అందరి చేతుల్లో చావింటికని వండి తెచ్చిన, మూతలు పెట్టిన గిన్నెలు.

డెల్ఫియా గారు అత్తని కావలించుకుని, "తోడబుట్టినవాణ్ని పోగొట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసమ్మా" అన్నారు.

"ఎవర్నండీ?" అంది అత్త.

"మీ తమ్ముణ్ని. వర్జిల్‌ని."

అత్త తిరిగి నావైపు చూసింది. ఆ చూపు గురించి రాయలేను. తర్వాత వాళ్లవైపు తిరిగి, "లోపలికి రండి" అంది. అంతే.

అందరూ నా తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. దొంగ ఏడుపు ఏడవాల్సి వస్తుందేమో అని భయపడ్డాను. కానీ నిజం ఏడుపే వచ్చింది. అది చూసి వాళ్లు ఇంకా ఏడ్చారు.

వాళ్లు వెళ్లాక అత్త తలుపేసి, "మీ నాన్నని ఎక్కడ పాతిపెట్టావే? చెప్తే నాలుగు పూలు పెట్టి వస్తాను" అంది. కొడితే బాగుండుననిపించింది.

"వాళ్లకి నిజం చెప్పలేదేం అత్తా?" అన్నాను.

"అంతమంది ముందు నీ పరువు తీయడానికి నాకు నోరు రాలేదు. నీకు నా తమ్ముడి పరువు తీయడానికి వచ్చింది" అంది.

వాళ్లు తెచ్చిన పంది మాంసం చాలా రుచిగా ఉంది నాన్నా. మారు వడ్డించుకున్నాను. అన్నిటికంటే అదే తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఇప్పుడు గిన్నెలన్నీ కడిగి బల్ల మీద పేర్చి ఉన్నాయి. అడుగున అతికించిన బిళ్లల మీద ఎవరి పేరు వాళ్లు రాసుకున్నారు. "మన ఇంటావంటా గిన్నె ఖాళీగా తిరిగివ్వడం లేదు. ఏదో ఒకటి వండి, నువ్వే ఇంటింటికీ తీసుకెళ్లు. నేను వేలు కూడా పెట్టను" అంటోంది అత్త. నాకేం వండటం వచ్చు?

నువ్వు నన్ను కూతురని అనుకోకపోయినా అనేదేమీ లేదు.

ట్వైలా

*

ఏప్రిల్

నా కూతురు ట్వైలాకి,

అనుకోకపోవడం నీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు. ఆ మాట మళ్లీ రాయకు.

నీ ఉత్తరం భోజనాల దగ్గర చదివాను. మొదట పకపకా నవ్వాను. పక్కవాడు, "ఏంటోయ్, విడుదల ముందుకి జరిగిందా?" అన్నాడు. "లేదురా, చచ్చిపోయాను" అన్నాను. తర్వాత కంచం పక్కకి నెట్టేశాను.

నీ మీద కోపం వచ్చి కాదు. అబద్ధాలాడటం రాని పిల్లకి అబద్ధమాడాల్సిన నాన్నని నేనే ఇచ్చాను కదా. తీగలు కోసిన రోజున ఇంత దూరం ఆలోచించలేదు.

చచ్చినవాడిగానే ఉండిపొమ్మంటే ఉంటాను తల్లీ. నిజంగా చెప్తున్నా. నాక్స్‌విల్ వెళ్తాను. నువ్వు అప్పుడప్పుడు అత్తతో వచ్చి చూసిపో. నీకు స్నేహితురాలు దొరికింది. ఆ అమ్మాయిని నా కోసం పోగొట్టుకోకు.

గిన్నెలు మాత్రం ఇచ్చెయ్యాలి. మీ అత్తది మొండితనమే గానీ న్యాయమే. నాకు వచ్చిన ఒకే ఒక్క తీపి వంటకం, డోనట్లు, చెప్తాను. శనివారాలు నీకు చేసిపెట్టేవాణ్ని, చూసేదానివి గానీ నేర్చుకోలేదు.

పొద్దున గ్రేవీలో ముంచుకు తినే మెత్తటి బిస్కెట్లకి పిండి డబ్బాల్లో వస్తుంది చూడు, కొట్లో వెన్న పెట్టే చల్లటి అరలో ఉంటుంది, అది తెచ్చుకో. కాగితం లాగి, అతుకు మీద చెంచాతో నొక్కు. టప్పున పేలుతుంది, జడుసుకోకు. లోపల పిండిబిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. సోడా సీసా మూతతో నడుమ చిల్లు పెట్టు. ఆ చిల్లులోంచి వచ్చిన ఉండలు పారెయ్యకు, అవే ముందు అయిపోతాయి.

ఇనప మూకుట్లో నూనె పోసి కాగనివ్వు. పొగ రానివ్వకు. పొగొచ్చిందంటే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఒక చిన్న ముక్క వేసి చూడు, చుట్టూ సన్నగా నురగ కట్టి పైకి తేలితే సరే. తిరగెయ్యడానికి తొందరపడకు, అలాగని పక్కకీ పోకు. కాగితం సంచిలో పంచదార, దాల్చినచెక్క పొడి కలిపి పెట్టుకో. మూకుట్లోంచి తియ్యగానే, వేడి మీదే, సంచిలో వేసి ఆడించు. చల్లారాక వేస్తే పంచదార అంటుకోదు.

చర్చి ఆడవాళ్లు డబ్బా పిండని ఇట్టే పసిగడతారు. పసిగట్టనీ.

ఆ గుమ్మాల దగ్గర ఏం చెప్తావో నీ ఇష్టం. "థాంక్సండీ" అని గిన్నె ఇచ్చి వచ్చేసినా నేనేమీ అనుకోను.

నీ నాన్న,
వర్జిల్

*

కాబ్స్ ఫోర్క్,
మే

ప్రియమైన నాన్నకి,

మొదటి వాయి మాడిపోయింది. నూనె పొగలు కక్కుతుంటే కిటికీలు తెరుస్తూ కూర్చున్నాను. రెండో వాయి బాగా వచ్చింది. అత్త ఒకటి తిని, ఇంకోటి తీసుకుంది.

"థాంక్సండీ" అని వచ్చేద్దామనే బయల్దేరాను. డెల్ఫియా గారి గుమ్మం దాకా అదే మాట అనుకుంటూ నడిచాను. ఆవిడ తలుపు తీసి, "నీ తండ్రి కోసం రోజూ ప్రార్థన చేస్తున్నామమ్మా" అన్నారు. ఇంక నావల్ల కాలేదు. "ఆయన చనిపోలేదండీ. జైల్లో ఉన్నారు. నేను అబద్ధమాడాను" అన్నాను.

ఆవిడ గిన్నె అందుకోబోయి ఆగారు. "పేరు పెట్టి ప్రార్థించామే!" అన్నారు.

"బతికున్నవాళ్లకి ఆ ప్రార్థన పనికిరాదా అండీ?" అన్నాను. పొగరుతో కాదు నాన్నా, నిజంగానే తెలియక అడిగాను. ఆవిడ గిన్నె అందుకుని, "పనికొస్తుంది" అని మాత్రం అన్నారు. లోపలికి పిలవలేదు.

తర్వాత కార్లీన్ వాళ్లిల్లు. వాళ్లమ్మ అంతా విని, గిన్నెలో ఉన్నవన్నీ నా సంచిలోకి దులిపి, ఖాళీ గిన్నె తీసుకుంది. "నా బిడ్డ నీ కోసం రాత్రంతా ఏడ్చింది. ఇవి మాకొద్దు" అని తలుపేసింది. కిటికీ తెర పక్కన కార్లీన్ నిలబడి ఉంది. నేను చెయ్యి ఊపాను. తెర జారింది. రోడ్డు పక్కన గట్టు మీద కూర్చున్నాను. ఇంటికి పరిగెత్తాలనిపించింది. కానీ ఇంకా గిన్నెలు మిగిలి ఉన్నాయి.

తర్వాతది ఓపల్ మామ్మది. ఆవిడకి చెవుడని నాకు తెలియదు. వరండాలో ఊగుడు కుర్చీలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. మెల్లిగా చెప్పాను.

"ఏంటీ?"

కొంచెం గట్టిగా చెప్పాను.

"గొణక్కే పిల్లా! ఎవరికి బాలేదూ?"

ఇంక ఊపిరి బిగబట్టి అరిచాను. "మా నాన్న చావలేదండీ! జైల్లో ఉన్నాడూ!"

ఎదురింటాయన గడ్డి కోసే మిషను ఆపేశాడు. పక్కింటావిడ పెరట్లో బట్టలారేస్తున్నదల్లా క్లిప్పు నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. వీధి వీధంతా విన్నది నాన్నా. భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది.

ఓపల్ మామ్మ మాత్రం గిన్నె మూత తీసి, ఒకటి నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. "డబ్బా పిండి కదూ?"

"అవునండీ!"

"అరవకు, ఇప్పుడు వినపడుతోంది. నేనూ డబ్బాదే వాడతాను. చర్చిలో మాత్రం మా అమ్మ చెప్పిన పద్ధతని చెప్తాను" అని ఇంకోటి తీసుకుంది. "మరి ఎప్పుడు వదుల్తారు?"

"ఈ నెల్లోనేనండీ."

"మా వెనక కంచె పడిపోయింది. మేకు కొట్టడం వచ్చా ఆయనకి?"

వచ్చన్నాను. వచ్చు కదా?

ఆ తర్వాతి ఇళ్లలో నేను చెప్పాల్సిన పనే లేకపోయింది, నాకంటే ముందు కబురు వెళ్లిపోయింది. ఒకరు నవ్వారు, ఒకరు గిన్నె గుమ్మం మీద పెట్టి పొమ్మన్నారు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు చెరలో ఉన్నవాళ్ల కోసమంటూ నీ పేరు చదివారు. అందరి తలలూ ఒక్కసారి మావైపు తిరిగాయి. నా చెవులు కాలిపోయాయి. లేచి పారిపోతానేమో అని అత్త నా మోకాలు గట్టిగా పట్టుకుని కూర్చుంది. కార్లీన్ ఇప్పుడు పాటల్లో అవతలి చివర నిలబడుతోంది. ఎప్పటికైనా మాట్లాడుతుందేమో తెలియదు. మాట్లాడకపోయినా తప్పు ఆమెది కాదు.

నాక్స్‌విల్ వెళ్లకు. ఇక్కడికే రా. బస్సు మెయిన్ స్ట్రీట్‌లో ఇనప సామాన్ల కొట్టు ముందు ఆగుతుంది. శనివారం ఆ కొట్టు అరుగు నిండా మనుషులుంటారు. దానికి ముందు స్టాపులో దిగితే కారులో తీసుకొస్తానంది అత్త, ఎవరూ చూడకుండా. వద్దన్నాను. నువ్వు కొట్టు ముందే దిగు. నేను అక్కడే నిలబడి ఉంటాను.

నీకు అబద్ధం చెప్పను నాన్నా. వాళ్లంతా చూస్తుంటే నాకు సిగ్గేస్తుంది. నీ పెట్టె పట్టుకుని నీ పక్కన నడిచేటప్పుడూ సిగ్గేస్తుంది. అయినా నడుస్తాను. నువ్వు కూడా తల దించుకోకు, నీ మొహం చూసుకుంటూ నడవకపోతే నాకు దారి కనిపించదు.

నీ కూతురు,
ట్వైలా