లోగో ఉన్న సగం, లేని సగం

అక్టోబరు 2, సోమవారం

ఉదయం 9:15కి స్టాక్‌హోమ్ నుంచి ఉత్తరం వచ్చింది. మా ఫోన్ ఆట ‘దీవుల తపాలా’ మొదటిసారి ఆడిన వందమందిలో ముప్ఫై అయిదుగురు మర్నాడు తిరిగి రావాలి. ఈ నెల 17 దాకా గడువు. లేకపోతే ఆటను స్టోర్ నుంచి తీసేస్తారు. ఇప్పుడు వస్తున్నది ముప్ఫై ఒక్కరు.

కింద లొవీసా సంతకం. పబ్లిషర్ తరఫున మా పని చూసేది ఆమే. మొదటి పేరా అంతా తూలిక్కి బొమ్మల మీద మెచ్చుకోలు. పందొమ్మిదేళ్లు పేపర్లో పనిచేశాను. మెచ్చుకోలుతో మొదలయ్యే ఉత్తరాన్ని కింది నుంచి చదవాలని తెలుసు.

ఆట తూలిక్కిది. నాలుగేళ్ల పని. పడవలో దీవి నుంచి దీవికి ఉత్తరాలు చేర్చే ఆడమనిషి కథ. కంపెనీ ఒత్సోది. రౌనో కోడ్ రాస్తాడు. స్టోర్ పేజీ, రివ్యూలు, రిపోర్టులు నావి. టాంపెరే ఊళ్లో పాత నూలుమిల్లు మూడో అంతస్తులో నలుగురమే. ఆట ఇంకా ఫిలిప్పీన్స్‌లోనే ఉంది. ఇక్కడి కంపెనీలన్నీ ముందు దూరంగా ఏదో ఒక దేశంలో వదిలి చూస్తాయి. అక్కడ నిలబడితేనే మిగతా దేశాలు.

ఉత్తరం చదివాక తూలిక్కి లేచి కాఫీ కప్పులన్నీ కడిగింది. నేనింకా తాగుతున్నది కూడా తీసుకెళ్లి కడిగేసింది.

అక్టోబరు 3

కారణం దొరికిందన్నాడు ఒత్సో. ఆట తెరవగానే రెండు సెకన్లపాటు ఇంజన్ కంపెనీ లోగో, అంటే మేం ఆట కట్టిన సాఫ్ట్‌వేర్ వాళ్ల గుర్తు, పడుతుంది. అదే మన కొంప ముంచుతోందట. ఆ ఇంజన్‌తో వారానికి వెయ్యి చెత్త ఆటలు వస్తాయి, లోగో చూడగానే జనం ఇదీ ఆ బాపతే అనుకుంటారు, అన్నాడు. బేకరీ తలుపు మీద పిండిమిల్లు బోర్డు ఎవడైనా తగిలించుకుంటాడా పేపరమ్మా, అని నన్నడిగాడు. పేపర్ మూతపడి మూడేళ్లయినా వాడికి నేను హెల్లెవిని కాను, పేపరమ్మనే.

రొట్టె బాగుంటే బోర్డు ఎవడికి కావాలి, అంది తూలిక్కి. రొట్టె బాగుందని మన నలుగురికే తెలుసు, అన్నాడు ఒత్సో.

రివ్యూలు మొత్తం 412. లోగో, ఇంజన్ అనే మాటలు పెట్టి వెతికాను. తొమ్మిది దొరికాయి. వందకి రెండు, అని చెప్పాను. తిట్టి పోయినవాళ్లు తొమ్మిదిమంది, తిట్టకుండా పోయినవాళ్ల లెక్క ఎవరు చెప్తారు, అన్నాడు.

అక్టోబరు 4

టెస్ట్ మొదలైంది. కొత్తగా వచ్చేవాళ్లలో సగం మందికి లోగో ఉంటుంది, సగం మందికి ఉండదు. రౌనో ఇరవై నిమిషాల్లో మార్చేశాడు. అయిందా అని ఒత్సో అడిగాడు. అయింది అన్నాడు రౌనో. ఈ ఏడాది వాళ్లిద్దరి మధ్య నడిచిన పెద్ద సంభాషణల్లో ఇదొకటి.

నలుగురం మా ఫోన్లలో చూశాం. లోగో లేదు. తెరవగానే సముద్రం. తూలిక్కి మూడుసార్లు మూసి తెరిచింది.

అక్టోబరు 9

లోగో ఉన్న సగం 31. లేని సగం 27. తేల్చడానికి ఇంకా తొందర, అన్నాడు ఒత్సో.

అక్టోబరు 17, మంగళవారం

ఉన్న సగం 31. లేని సగం 26. సగానికి ఆరువేల రెండువందల మంది. తేడా గాలివాటం కాదు.

ఒత్సో పది నిమిషాలు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తర్వాత కొత్త కారణంతో వచ్చాడు. జనానికి ఆ లోగో అంటే నమ్మకమట. పిండిమిల్లు పేరు చూసే రొట్టె కొంటున్నారన్నమాట, అన్నాడు. రెండు వారాల కిందట నీ నోటితోనే, అని తూలిక్కి మొదలుపెట్టి ఆపేసింది.

రిపోర్ట్ ఒక పేజీ. నాలుగో పేరాలో రాశాను: రెండు సగాలకీ తేడా లోగో ఒక్కటే. ఒత్సోని అడిగాను, అవునన్నాడు. అంకెలు చూశాను, సరిపోయాయి. 3:40కి పంపాను.

అక్టోబరు 19, గురువారం

ఉదయం 10:30కి వీడియో కాల్. పదకొండు నిమిషాలు. 30వ తేదీ సోమవారం 10:00కి ఆటను తీసేస్తారు.

లొవీసా నా నాలుగో పేరా చదివి వినిపించింది. ఇంకొకరి పేరు ముందుంటే 31, లేకపోతే 26, అంటే ఈ ఆట సొంత కాళ్ల మీద నిలబడదు, అంది. బొమ్మల వల్లా, అని తూలిక్కి అడిగింది. కాదంది లొవీసా. మరి దేనివల్ల, అని మళ్లీ అడిగింది. రిపోర్ట్ చూడు, చాలా స్పష్టంగా ఉంది, అంది.

గురువారం కాబట్టి కింద క్యాంటీన్లో బఠానీ సూప్. ఆవపిండి ముద్ద కలుపుకుని తిన్నాను. తూలిక్కి తన పాన్‌కేక్ రౌనో ప్లేటులోకి జరిపింది. అతను రెండూ తిన్నాడు. ఏదో చెప్పబోతున్నట్టు ఒకసారి నావైపు చూశాడు. నేను అడగలేదు.

ఏమీ అనిపించలేదు. పేపర్ మూసేసిన రోజూ ఇంతే. ఆ రోజు ఇంటికెళ్లి కిటికీ తెరల కర్రలు తుడిచాను.

అక్టోబరు 20

ఆట చచ్చిపోతే ఇక్కడ కేక్ కోస్తారు. ఓటమికి సిగ్గుపడకూడదని ఆచారం. ఒత్సో ఆర్డరిచ్చాడు. పుట్టినరోజా అని బేకరీ వాళ్లు అడిగారట. దాదాపు, అన్నాడట.

ఇంజన్ కంపెనీలో ప్రచారం చూసే అతనికి కూడా ఒత్సో నా అంకెలు పంపాడు. అతను అడగకముందే.

అక్టోబరు 23

లోగో ఉంటే ఆటగాళ్లు తిరిగొస్తారని టాంపెరే స్టూడియో నిరూపించిందట. ఇంజన్ కంపెనీ పోస్ట్. సాయంత్రానికి రెండువేల మంది పంచుకున్నారు.

అక్టోబరు 24, మంగళవారం

రివ్యూ రాసిన ప్రతి ఒక్కరికీ వీడ్కోలు జవాబు రాయాలని తూలిక్కి కోరింది. ఒకే ముక్క అందరికీ అంటించొద్దు, చదివి రాయి హెల్లెవీ, అంది. చదివాను.

టెస్ట్ మొదలయ్యాక వచ్చినవి అరవై మూడు. మొదట్లో నేను వెతికింది రెండు మాటలే. ఈ అరవై మూడులో ఆ రెండు మాటలూ లేవు. పంతొమ్మిదింట్లో వేరే మాట ఉంది. నలుపు. తెరిచాను, నల్లగా ఉంది, మూసేశాను. ఫోన్ పాడైందనుకున్నాను. స్క్రీన్ నలుపు, ఒక స్టార్.

మధ్యాహ్నం కాఫీకి వెళ్లలేదు.

అక్టోబరు 25

నలుపు గురించి రౌనోని అడిగాను. అవును, ఆరు సెకన్లు, అన్నాడు.

పాత ఫోన్లలో ఆట లోడ్ కావడానికి ఆరు సెకన్లు పడుతుంది. లోగో ఉంటే మొదటి రెండు సెకన్లూ అది కప్పేస్తుంది, నాలుగే నలుపు. లోగో తీసేస్తే ఆరూ నలుపే. కొత్త ఫోన్లలో ఒక్క సెకను కూడా పట్టదు. మా ఆఫీసులో రెండేళ్లు దాటిన ఫోన్ ఒక్కటీ లేదు. ఫిలిప్పీన్స్‌లో మా ఆటగాళ్లలో వందకి అరవై మందివి పాతవే.

ఎప్పటి నుంచి తెలుసు, అన్నాను. నాలుగో తేదీ నుంచి, అన్నాడు. చెప్పలేదేం, అన్నాను. లోగో తీసేయమన్నారు, తీసేశాను, తీస్తే ఏమవుతుందని ఎవరూ అడగలేదు, అన్నాడు. పైగా రాశాను, అన్నాడు. చూపించాడు. ఆ రోజు మార్పుల నోట్, మూడో వరుస. పాత ఫోన్లలో ఆరు సె. నలుపు. ఆ నోట్ నాకూ వచ్చింది. రెండో వరుసలోనే నాకు కావలసింది దొరికింది. అక్కడ ఆపేశాను.

అంకెల్ని ఫోన్ల వారీగా విడదీశాను. కొత్త ఫోన్లు: లోగోతో 37, లేకుండా 37. పాత ఫోన్లు: లోగోతో 27, లేకుండా 19.

లోగో మంచి చేయలేదు, చెడు చేయలేదు. రెండు సెకన్లు పరదాలా నిలబడింది, అంతే.

అక్టోబరు 26, గురువారం

9:05కి సవరణ పంపాను. నాలుగో పేరా తప్పు, తప్పు నాది, అని మొదటి వరుసలోనే పెట్టాను. ఇంజన్ కంపెనీకీ పంపాను. పోస్ట్ బాగా నడుస్తోంది, వచ్చేవారం చూద్దాం, అని వాళ్ల జవాబు.

ఒత్సో రౌనో మీద అరిచాడు. నోట్లో నాలుక లేదా నీకు, అన్నాడు. ఉంది, చేతిలో పెన్ను కూడా ఉంది, రాశాను, అన్నాడు రౌనో. ఒత్సో కూర్చున్నాడు. నేను కదా అడగాల్సింది, అన్నాడు.

తూలిక్కికి విడిగా చెప్పాను. అంటే బొమ్మలు కాదు కదా, అంది. కాదన్నాను. నువ్వు ఆ నోట్ చదవలేదా, అంది. మూడో వరుస చదవలేదన్నాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బల్ల దగ్గరకెళ్లి పెన్సిల్ చెక్కుకుంది.

అక్టోబరు 27, శుక్రవారం

తూలిక్కి రాత్రికి రాత్రి కాదు, మామూలు పనివేళల్లోనే గీసింది. నీళ్లలో తెడ్డు, మంచు, దూరంగా ఒక దీపం. చాలా చిన్న బొమ్మ. ఎంత పాత ఫోన్‌లోనైనా ముందు అదే పడుతుంది, ఆరు సెకన్లూ అదే ఉంటుంది. రౌనో పెట్టాడు. ఈసారి అడక్కుండానే చెప్పాడు: పాత ఫోన్ ఒకటి కొనుక్కొచ్చాను, దాంట్లో చూశాను, నలుపు లేదు. ఎనిమిది మాటలు. రౌనో లెక్కలో ఉపన్యాసం.

4:50కి స్టోర్ కొత్త రూపాన్ని అనుమతించింది.

5:10కి లొవీసా జవాబు. తీసివేత వేళ మారదు. సోమవారం ఉదయం అంకె వస్తే మాత్రం పంపండి, చూస్తాం, అంది. చూస్తాం అన్న మాట పేపర్లో ఉన్నప్పుడు నేనూ చాలామందికి చెప్పాను.

అక్టోబరు 29, ఆదివారం

చలికాలపు వేళకి గడియారాలన్నీ ఒక గంట వెనక్కి జరిగాయి. ఇంట్లో నాలుగు. మార్చాను.

శనివారం కొత్తగా వచ్చినవాళ్లు 438 మంది. వాళ్లలో ఎంతమంది ఇవాళ తిరిగొచ్చారన్నది రేపు 9:00కి తెలుస్తుంది. 153 దాటితే వందకి 35.

9:01కి నేను పంపాలి. 10:00కి ఆటను తీసేస్తారు.