నాయన ఒప్పుకునే ముక్క

2025వ సంవత్సరం నవంబరు నెల 5వ తేదీ బుధవారం నాడు, చిత్తూరు జిల్లా నగరి టౌనులో కాపురముంటున్న, కీర్తిశేషులు ఆరణి చెంగల్రాయుడు కొడుకు ఆరణి మునిరామయ్య, వయస్సు 78 సంవత్సరాలు, చంద్రకాంత టాకీసు మాజీ ఆపరేటరు, తన వాళ్ళందరికీ తెలిసేటట్టు రాయించిన వీలునామా.

నాకు బుద్ధి సరిగ్గా ఉంది. కళ్ళు సగం పోయాయి, మోకాళ్ళు పూర్తిగా పోయాయి, బుద్ధి మాత్రం ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బుజ్జగించలేదు. బుజ్జగించే మనిషి, నా భార్య పంకజాక్షి, ఆరేళ్ళ కిందటే పోయింది. నా చదువు మూడో తరగతి. బడిలో కంటే రీలు డబ్బాల మీద నేర్చుకున్న అక్షరాలే ఎక్కువ. అందుచేత నేను చెబుతుంటే దస్తావేజులు రాసే గిరిప్రసాద్ రాస్తున్నాడు. వీలునామాలో ఆస్తి సంగతులే ఉండాలి, సినిమా సంగతులు పనికిరావని ఇప్పటికే రెండుసార్లు కలం కింద పెట్టాడు. నలభై మూడేళ్ళు సినిమా తిప్పి సంపాదించిన ఆస్తి ఇది. సినిమా లేకుండా ఆస్తి మాత్రం ఎట్లా రాస్తావయ్యా అని అడిగాను. మళ్ళీ కలం పట్టాడు.

1. నా స్వార్జితమైన రెండు అంకణాల ఇల్లు, దాని వెనక ఖాళీ స్థలం, నా తదనంతరం నా కొడుకు మునిప్రసాద్‌కు, నా కూతురు రాజశ్రీకి చెరి సగం చెందవలసినది. గడప దాటి పోయినదానికి భాగమేంది అని మునిప్రసాద్ అడిగాడు. ఒరే, ఆ గడప పెట్టించింది నేను, నువ్వు కాదు. రాజశ్రీ కూడా ఇది చూసి నాయన కరిగిపోయాడని అనుకోకూడదు. పంకజాక్షి మంచంలో ఉండి నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది కాబట్టి ఇస్తున్నాను. రాజశ్రీకి నేనుగా ఇవ్వవలసింది వేరే ఉంది. అది ఆఖర్న వస్తుంది.

2. టాకీసు మూసేసినప్పుడు నేను పాత ఇనుము కింద కొనుక్కున్న ప్రొజెక్టరు మిషను చెంగయ్యకు చెందవలసినది. చెంగయ్య టాకీసు క్యాంటీను నడిపినవాడు. కార్బన్ కడ్డీలు మండుతున్నంతసేపు ఆపరేటరు కదలకూడదు. కదిలితే తెర మసకబడుతుంది, కింద జనం నా అమ్మను తిడతారు. అటువంటి పనిలో నాకు టీ పైకి మోసినవాడు చెంగయ్య ఒక్కడే. తిరుపతిలో ఒక హోటలువాళ్ళు ఆ మిషను వాకిట్లో అలంకారానికి కావాలని వచ్చారు. దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారట. దాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలిన రోజులు నాకు తెలుసు. వాళ్ళకు ఇస్తే నేను పోయినా ఊరుకోను.

3. కడ్డీల వెలుగును తెర వైపు తోసే మిషను అద్దం మాత్రం ఊడదీసి, రాజశ్రీ కూతురు స్రవంతికి ఇవ్వవలసినది. ఆ పిల్ల తిరుపతిలో ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. వాళ్ళ అమ్మ రాలేని ఇంటికి తనంతట తానే నెలకొకసారి వస్తుంది. అద్దంతోపాటు ఒక జవాబు కూడా ఆ పిల్లకు బాకీ ఉన్నాను. ఇక్కడే చెబుతాను, గిరిప్రసాద్ ఎంత గొణిగినా.

పోయిన ఏడాది స్రవంతి నన్ను తిరుపతికి తీసుకుపోయి, కొత్త హాలులో ఒక ప్రేమ బొమ్మ చూపించింది. నవ్వు బొమ్మ తాతా, నీకు నచ్చుతుంది అంది. చూశాను. పిల్లా పిల్లోడూ ఫోనులో పరిచయమయ్యారు, ఫోనులో పోట్లాడుకున్నారు, ఫోనులోనే విడిపోయారు. మళ్ళీ కలిసి కాఫీ తాగారు. పిల్ల తండ్రి ఒకే ఒక్కసారి ఫోనులో కనబడ్డాడు. ఏదో చెప్పబోయాడు, ఆయన గొంతు వినబడకుండా ఆ పిల్ల నొక్కేసింది. దీపాలు వెలిగాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. "యాడరా ఆ పిల్ల నాయన? ఆయప్పను అడగకుండానే అయిపోయిందా బొమ్మ?" అని నిలబడి అరిచాను. హాలంతా నవ్వారు. రెండున్నర గంటల బొమ్మకు నవ్వనివాళ్ళు నన్ను చూసి నవ్వారు.

స్రవంతి నా చెయ్యి పట్టుకొని, "కూసో తాతా. ఇప్పటి బొమ్మల్లో నాయన్ను అడిగే పనే లేదు" అంది.

ఆ మాటకు జవాబు ఇప్పుడు చెబుతున్నాను, విను.

1968లో నేను ప్రొజెక్టరు క్యాబిన్ ఎక్కిన కాలంలో ప్రేమ బొమ్మకు నాయనే ఇరుసు. పిల్లోడు పెట్టుడు మీసం పెట్టుకొని ఆ ఇంట్లోకి వంటవాడుగానో పాటల పంతులుగానో దూరేవాడు. హాలులో ఆరువందల మందికి తెలుసు, పక్కింటి పిల్లికి తెలుసు, నాయనకు ఒక్కడికే తెలియదు. అదీ నవ్వు. చివరికి మీసం ఊడుతుంది. నాయన అయిదు నిమిషాలు ఎగురుతాడు, తర్వాత తానే పడీపడీ నవ్వి ఇద్దరి తలల మీద చెయ్యి పెడతాడు. శుభం. ఆడవాళ్ళ బెంచీల్లో ముక్కులు చీదుకునే చప్పుడు క్యాబిన్‌లోకి వినబడేది.

తర్వాత పిల్లోడు ఇంట్లోకి రావడం మానేసి వీధిలో పడ్డాడు. పిల్ల వెంట సైకిలు తొక్కడం, ఈలలు, బస్టాపులో పైన పడటం. దానికి కామెడీ అని పేరు. మా నగరి పోరగాళ్ళు అది చూసి, మగ్గాల షెడ్ల నుంచి ఇళ్ళకు పోయే ఆడపిల్లల మీద అదే చేశారు. ఆడవాళ్ళ టిక్కెట్లు ఇచ్చే నాగవేణి ఒకరోజు ఇనుప మెట్లెక్కి వచ్చి, "నీకూ ఆడబిడ్డ ఉండాది గదన్నా. కడకు ఆ ఈలల పాటన్నా కోసెయ్" అని తిట్టింది. నేను కొయ్యలేదు. రోజుకు నాలుగాటలు తిప్పాను. ఆ తర్వాత నాయన చేతికి వేటకొడవలి వచ్చింది, ఇంటి నిండా ముప్పై మంది చుట్టాలు వచ్చారు, నాయన మనుషుల్ని తన్నడమే నవ్వయింది. ఇంకొన్నేళ్ళకు నాయన పిల్లోడితో కలిసి మందు తాగే స్నేహితుడయ్యాడు. ఇప్పుడు ఫోనులో నొక్కేస్తే పోయేవాడయ్యాడు.

నవ్వించడం పోయిందని కాదు నా కోపం. మీసం పెట్టుకొని మోసం చేసినా సరే, ఆ పిల్లోడికి నాయన ఒప్పుకోవడం కావలసి వచ్చింది. కావాలనుకున్నాడు కాబట్టే మోసం చేశాడు. ఇప్పుడు ఎవరికీ ఏమీ అక్కర్లేదు. ఇదీ నా జవాబు. నువ్వు చెప్పిన మాట మాత్రం బస్సులో నగరి వచ్చేదాకా, ఆ తర్వాత ఇప్పటిదాకా, నా చెవిలోనే ఉంది.

4. నాగవేణికి నేనిచ్చే ఆస్తి ఏమీ లేదు. మా రాజశ్రీ నాకు మధ్యాహ్నం క్యారియరు తెచ్చేది. బాలాజీ, అంటే బొమ్మలు పంపే కంపెనీ తరఫున ప్రింటుతోపాటు వచ్చి, ఒకే ప్రింటును పుత్తూరుకూ మాకూ రీలు రీలుగా మోపెడ్ మీద మార్చేవాడు, అదే టైముకు రీలు డబ్బా తెచ్చేవాడు. నేను గోడ కంతలో నుంచి తెర మీద ప్రేమను చూసి నవ్వుతుంటే, నా వీపు వెనక మూడు గజాల దూరంలో అదే బొమ్మ ఆరు నెలలు ఆడింది. నాగవేణికి తెలుసు. చెంగయ్యకు తెలుసు. గేటు చిన్నబ్బకు తెలుసు. నాకు ఒక్కడికే తెలియదు. 1995లో వాళ్ళు తిరుచానూరులో తాళి కట్టుకున్న రోజు టాకీసులో నన్ను చూసి ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో ఈనాటికీ తెలియదు. తెలిస్తే వీలునామాలో పేరు రాయించేవాణ్ణి. చూసి కూడా చెప్పని నాగవేణి, చిన్నబ్బ ఇద్దరూ దీనికి సాక్షి సంతకాలు చెయ్యాలి. ఈసారన్నా చూసింది చూసినట్టు చెప్పనీ.

5. నా అల్లుడు బాలాజీకి సంబంధించిన నిజం. అల్లుడు అనే మాట మొదటిసారి రాయిస్తున్నాను. గిరిప్రసాద్ తలెత్తి చూశాడు. రాయి అన్నాను.

బొమ్మ కొయ్యడం మాకు కొత్త కాదు. మొదటాట విడిచాక పళ్ళిపట్టు వైపు పోయే ఆఖరి బస్సు ఒకటే. నిడివి ఎక్కువైన బొమ్మకు పాటో ఫైటో కోసి, బస్సు అందేటట్టు విడిచేవాణ్ణి. ప్రింటు తిరిగి పోయేటప్పుడు కోసిన ముక్కను ఫిలిం సిమెంటుతో అతికించి పంపడం పద్ధతి. ఇరవై ఏడేళ్ళు ఆ పద్ధతి తప్పలేదు. రాజశ్రీ పోయిన తర్వాత తప్పాను. నాయన ఒప్పుకునే ముక్క వచ్చిన ప్రతి ప్రేమ బొమ్మలో ఆ ముక్క కోశాను. మా నగరిలో నాయన కోపంగా చెయ్యెత్తుతాడు, వెంటనే శుభం. జనం కొత్త ఫ్యాషను అనుకున్నారు. అట్లా అయిదు బొమ్మలు. ఆ అయిదు ముక్కలు నేను తిరిగి అతికించలేదు. ప్రింట్లు అట్లాగే తర్వాతి ఊళ్ళకు పోయాయి.

ప్రింటుకు పూచీ బాలాజీది. కంపెనీవాళ్ళు కొలిచారు, మొత్తం రెండువందల పన్నెండు అడుగులు తక్కువ వచ్చింది. ఫిలిం దొంగ అని ముద్ర వేసి 1997లో పనిలో నుంచి తీసేశారు. అప్పటికి స్రవంతి చంకలో బిడ్డ. బాలాజీ పలమనేరు పోయి పాలక్యాన్లు మోసుకొని బతికాడు.

దొంగను నేను. ఏ ఆపరేటరు అతుకు ఏదో, చేతిరాత గుర్తుపట్టినట్టు ప్రింటు మనిషి గుర్తుపడతాడు. నా అతుకు బాలాజీ గుర్తుపట్టకుండా ఉండడు. అయినా నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే నా ఉద్యోగం పోయేది, లెక్క సరిపోయేది, హాయిగా తిట్టుకుంటూ బతికేవాణ్ణి. చెప్పకుండా ఇరవై ఎనిమిదేళ్ళు నన్ను తన కంటే కింద కూర్చోబెట్టాడు. ఆ కోపం ఇంకా ఉంది. అయినా నిజం నిజమే. ఈ అంశం నకలు తీసి, బాలాజీని దొంగ అన్న ప్రతివాడి ముందూ చదవవలసినదిగా చెంగయ్యను ఆదేశిస్తున్నాను.

6. కొడుకు మునిప్రసాద్‌కు ఇంటి సగంతోపాటు నా చేతి గడియారం. వాడు ఫోనులో బొమ్మ చూస్తూ నచ్చని చోటంతా వేలితో ముందుకు తోస్తాడు. తొయ్యొద్దురా. కోసినవాణ్ణి నేను చెబుతున్నాను.

7. రాజశ్రీకి: నా మంచం కింద ఉన్న రేకు పెట్టె, అందులో అయిదు ఫిలిం చుట్టలు. పుల్లటి వాసన వేస్తాయి, పడేయకూడదు. చుట్టకొక చీటీ కట్టి ఉంది. చీటీ మీద నా అక్షరాలతో 'నాయన' అనే మాట, పక్కన ఒక అంకె ఉంటాయి.

మూడో అంకె చుట్ట రాజశ్రీకి తెలుసు. 1996లో నిండు నెలలతో ఆ బొమ్మకు మ్యాట్నీకి వచ్చింది. అంతకుముందే తిరుపతిలో చూసిందట. నా చేత్తో తిప్పితే నేనూ ఆ ముక్క చూడక తప్పదని వచ్చింది. ఆట విడిచాక, ఆ కడుపుతో ఇనుప మెట్లన్నీ ఎక్కి క్యాబిన్ వాకిట్లో నిలబడింది.

"నాయనా, తిరపతిలో సూసినా. ఈ బొమ్మలో నాయన ఒప్పుకుంటాడు. నువ్వెందుకు కోసినావు?"

"ఈ టాకీసులో ఒప్పుకోడు" అన్నాను. తలుపేశాను. ఆ పిల్ల ఆ మెట్లన్నీ ఎట్లా దిగిందో చూడలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు వచ్చింది, నేను ఆ పిల్ల మొహం చూడలేదు.

కొయ్యమన్న పాట కొయ్యలేదు. కొయ్యకూడని ముక్క కోశాను. ఇది క్షమాపణ కాదు. నాకు ఆ మాట పలకడం రాదు, గిరిప్రసాద్ రాస్తానన్నా వద్దన్నాను. ఉన్న విషయం చెబుతున్నాను. ముక్కలు నా దగ్గరే ఉన్నాయి. ఒక్కటి కూడా పారెయ్యలేదు.

గిరిప్రసాద్ ఇప్పుడు ఒక మాట అన్నాడు. వీలునామా మనిషి పోయిన తర్వాతే చెల్లుతుందట. పోయినవాడు ఒప్పుకుంటే ఎవరికి కావాలి? ఫోనులో నొక్కేసిన నాయనకూ నాకూ తేడా ఏముంది? కాబట్టి వచ్చే ఆదివారం పెట్టె తీసుకొని, చిత్తూరులో బస్సు మారి, పలమనేరు పోతున్నాను. చేరితే వచ్చి ఈ ఏడో అంశం నా చేత్తో కొట్టేస్తాను. కొట్టెయ్యకుండా ఉంటే, మునిరామయ్య చిత్తూరు బస్టాండులో కూర్చొని తిరిగి వచ్చేశాడని తెలుసుకోండి. అప్పుడు ఎంత తిట్టుకుంటారో తిట్టుకోండి.

8. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత చెంగయ్యది. ఇంతకుముందు రాసింది ఏదీ లేదు. ఇది చదివించి విని, సరిగ్గా ఉందని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

నగరి, 5-11-2025
(సం.) ఆరణి మునిరామయ్య

సాక్షులు:
1. (సం.) నాగవేణి
2. (వేలిముద్ర) చిన్నబ్బ
దస్తూరి: గిరిప్రసాద్

10-11-2025, సోమవారం. పై కాగితం కిందనే రాయించింది:

ఏడో అంశం నా చేత్తో అడ్డంగా గీత గీసి కొట్టేశాను. పెట్టె పలమనేరులో ఉంది. చిత్తూరు నుంచి నిలబడే పోయాను, ఒక్కడూ సీటు ఇవ్వలేదు. రాజశ్రీ మూడో చుట్ట కిటికీ వెలుతురుకు పట్టుకొని ఒక్కొక్క ఫ్రేమే చూసింది. కాఫీలో చక్కెర ఎక్కువ వేసింది, తాగాను. బాలాజీ అయిదు చుట్టలూ నేల మీద పరిచి, కంపెనీ లెక్కకు సరిపోయాయా అని టేపు పెట్టి కొలిచాడు.

"మామా, ఇంకా నాలుగడుగులు తక్కువుండాది" అన్నాడు.

ఆ నాలుగడుగులు యాడ పోయాయో నాకు తెలియదు. ఇంట్లో వెతకాలి. దొరికితే మళ్ళీ పోవాలి.

(సం.) ఆరణి మునిరామయ్య
సాక్షులు: (సం.) నాగవేణి, (వేలిముద్ర) చిన్నబ్బ