మంగళవారం మధ్యాహ్నపు సప్తమి

ఫిల్మ్‌నగర్,
ఆదివారం ఉదయం

అక్కయ్యా,

తమ్ముడు విశ్వపతి నీ పాదాలకు నమస్కరించి రాస్తున్నాడు. నీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? బావగారు సాయంత్రాలు గోదావరి గట్టు దాకా నడుస్తున్నారా, మానేశారా? నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. ఫోను చేస్తే మధ్యలో నువ్వు "పోనీలేరా" అంటావు, నేను చెప్పాల్సింది ఆపేస్తాను. అందుకే ఉత్తరం.

"వచ్చే ఉగాది పంచాంగం అట్ట మీద మన ఇద్దరి పేర్లూ వేయిస్తానురా విశ్వం" అన్నాడు అన్నయ్య. నీకు గుర్తుండే ఉంటుంది. నేను మొదటిసారి ఏడాది గణితమంతా ఒక్కడినే పూర్తిచేసి, నరసాపురం ఇంటి వసారాలో ఆ కాగితాల కట్ట ఆయన చేతిలో పెట్టిన రోజు. నువ్వు మూడో కాన్పుకు వచ్చి ఉన్నావు. అమ్మ చాటలో కందిపప్పు ఏరుతోంది. ఆ తరువాత నలభై ఒక్క ఉగాదులు వెళ్లాయి. అన్ని అట్టల మీదా ఆయన పేరే. తిథులు, నక్షత్రాలు, గ్రహణాలు లెక్క కట్టింది నేను. చివరి పేజీలో ప్రెస్సు వాడి పేరు ఉండేది, నా పేరు ఉండేది కాదు.

సరే, ఇక్కడి సంగతులు. నా గది కొండ వాలులో ఉంది. ఇల్లు కట్టేటప్పుడు బండ పగలక దాని చుట్టూ గోడ లేపేశారట. ఆ బండ నా మంచం పక్కనే ఉంది. ఎండ మండిపోయిన రోజుల్లో దానికి వీపు ఆనించి చదువుకున్నాను. ఇప్పుడు వానలు మొదలై అది చెమరుస్తోంది, పుస్తకాలు మంచం మీదికి ఎక్కించాను. మెస్సులో పప్పు నీళ్లగా ఉంటుంది కానీ వేడిగా పెడతారు. ఎదురింట్లో అందరూ సినిమాల్లో గుంపులో నిలబడేవాళ్లే. ఒకాయన ఇరవై ఏళ్లుగా పెళ్లిపెద్ద వేషమేనట. నాకు ఆయనతో బాగా పొసగింది. బాగానే ఉన్నాను, నిజంగానే.

ఉద్యోగం జూబ్లీ హిల్స్‌లో, అద్దాల మేడలో. ఫోనులో చూసుకునే పంచాంగం తయారు చేస్తారు. తెరవగానే అన్నయ్య బొమ్మ, జరీ శాలువాతో. మా ఇంటావిడ పోయాక ఒంటరిగా ఉన్నానని దయతలచి ఆయనే నన్ను ఇక్కడ పెట్టించాడు. కంప్యూటరు చెప్పిన తిథి సరైనదో కాదో నేను చేత్తో కట్టి చూడాలి. చేరిన రోజున "ఆయన మీకు ఏమవుతారు?" అని అడిగారు. అన్నగారన్నాను. "ఎంత అదృష్టం సార్!" అన్నారు.

ప్రోగ్రాము రాసేది శిరీష అని సిద్దిపేట పిల్ల. మొదటి వారమంతా మాకు పేచీలే. యంత్రం కాలమంతా ఇంగ్లండు గడియారంతో దాచుకుంటుందట, మనం అయిదున్నర గంటలు కలుపుకోవాలట. ఒకచోట కలపడం మరిచిపోతే తెల్లవారుజాము ముహూర్తాలన్నీ నిన్నటి తేదీలోకి జారిపోయాయి. అది సర్దుకోగానే ఇంకోటి.

"సార్, యంత్రానికి దినం అర్ధరాత్రి మొదలైతది. మీకేమో పొద్దు పొడిస్తే మొదలైతది. మరి తెల్లారగట్ల మూడింటికి పెండ్లంటే ఏ వారం రాయాలె?"

"ముందు రోజు బుధవారమైతే బుధవారమనే రాసి, పక్కన 'తెల్లవారితే గురువారం' అని రాయాలమ్మా. శుభలేఖలు చూడలేదా?"

"చూసిన సార్. మా చిన్నాయిన లగ్గానికి గట్లనే ఒక దినం ఆలస్యంగ పోయినం. టెంటు గుడ పీకేసిండ్రు."

నరసాపురంలో సూర్యుడు ఇక్కడికంటే పదమూడు నిమిషాలు ముందు లేస్తాడని చెప్పాను. "అంటే ఊరికో పంచాంగమా సార్?" అంది. అవునన్నాను. అధిక మాసం వస్తే ఏడాదికి పదమూడు నెలలన్నాను. తల పట్టుకుంది. చివరికి అసలు ప్రశ్న అడిగింది.

"నేను తారీఖుకు ఒక్క గడి పెట్టిన. ఒక్క తిథి చెప్పుండ్రి, ఏసుకుంట."

"దేనికి కావాలి? పండుగలకు చాలావాటికి సూర్యోదయానికి ఉన్న తిథి చూడాలి. తద్దినానికి మధ్యాహ్నం దాటాక ఉన్న తిథి చూడాలి. రెండూ ఒకటే కానక్కర్లేదు."

"అయితే రెండు గడులు పెట్టాలె."

"కనీసం."

"పెడత సార్. రెండ్రోజులు ఇయ్యుండ్రి."

అక్కయ్యా, ఈ డెబ్బై ఏళ్లలో నా లెక్క విని వెంటనే "పెడతాను" అన్న మొదటి మనిషి ఆ పిల్ల.

మర్నాడే అన్నయ్య వచ్చాడు. పక్క వీధిలో ఏదో సినిమా ప్రారంభం, ముహూర్తం ఈయన పెట్టాడు. కారు తలుపు డ్రైవరు తీశాడు, ఆఫీసంతా లేచి నిలబడింది. శిరీష పాపం మర్యాదగానే అడిగింది, రెండు గడులు పెడుతున్నాను, చూడండి అని.

"రెండెందుకమ్మా? పొద్దున ఉన్న తిథే అన్నిటికీ వేసేయ్, జనానికి సులువు. మావాడికి చిన్నప్పటినుంచీ చాదస్తం" అన్నాడు అన్నయ్య, నా భుజం మీద చెయ్యి వేసి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

నాకు అసూయ అంటావు. అసూయే, దాచను. ఆయన ఇంటి హాల్లో గోడ నిండా సినిమా ప్రారంభాల ఫొటోలు. ఒకదాంట్లో హీరోయిన్ ఆయన పాదాలకు దండం పెడుతోంది. ఆ ముహూర్తం లెక్క నాది. ఆ పిల్ల వంగింది నా లెక్కకి, కాళ్లు మాత్రం ఆయనవి. నిర్మాతలొస్తే వెండి గ్లాసులో కాఫీ ఇస్తారు, నాకు స్టీలు గ్లాసులో ఇస్తారు. కాఫీ రెండింటిలోనూ ఒకటేనని తెలుసు. అయినా ఎవరికి ఏ గ్లాసు వస్తుందో చూస్తూనే ఉంటాను. ఇన్ని పుస్తకాలు చదివాను, ఏ పుస్తకమూ ఆ చూపు మాన్పించలేదు.

ఇప్పుడు అసలు విషయం, జాగ్రత్తగా చదువు. అమ్మ తిథి ఆషాఢ బహుళ సప్తమి. ఫోను ఆయనకు బుధవారం అని చూపించింది, ఈ బుధవారం కాదు, పై వారం. ఆయన చుట్టాలందరికీ కబురు పెట్టేశాడు. నేను కట్టి చూశాను, మూడుసార్లు. సప్తమి మంగళవారం పగలు పదకొండు దాటాక వస్తుంది, బుధవారం పొద్దున పదిలోపే వెళ్లిపోతుంది. బుధవారం సూర్యోదయానికి ఉన్నది సప్తమే, అందుకని ఫోను అలా చెప్పింది. కానీ తద్దినం పెట్టే వేళకు అష్టమి వచ్చేస్తుంది. అమ్మ తద్దినం మంగళవారం.

ఇది తెలిసి తొమ్మిది రోజులు నోరు మెదపలేదు. తద్దినం భోజనానికి భోక్తగా ఒక పెద్ద పండితుణ్ని పిలిచాడు అన్నయ్య. కాళ్లు కడిగించుకుంటూ ఆయన "ఏమండీ సిద్ధాంతిగారూ, ఈ వేళ అష్టమి కదా?" అని అడుగుతాడు. చుట్టాలందరి ముందూ. ఆ ప్రశ్న విన్నప్పుడు అన్నయ్య ముఖం ఎలా ఉంటుందో తలచుకుంటూ తొమ్మిది రోజులు సుఖంగా అన్నం తిన్నాను.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. బుధవారం పొద్దున దిగేలా టికెట్టు తీయించానని, అమ్మకిష్టమని నువ్వులుండలు చేయించి తెస్తున్నానని రాశావు. అది చదివాక ముద్ద దిగలేదు. చచ్చినవాళ్లు తిరిగి రారనే పుస్తకాలే నేను ఎక్కువ చదివాను. అయినా మంగళవారం మధ్యాహ్నం అమ్మ, అన్నయ్య జూబ్లీ హిల్స్ ఇంటికి వస్తే, పొయ్యి వెలగదు, విస్తరి ఉండదు, గేటు దగ్గర కాపలావాడు "ఎవరు కావాలమ్మా" అంటాడు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

కాబట్టి టికెట్టు మార్పించు. సోమవారం సాయంత్రం ఎక్కి మంగళవారం పొద్దున దిగు. ఇది అందగానే అన్నయ్యకు ఫోను చెయ్యి. నేను చెబితే చాదస్తం అంటాడు, నువ్వు చెబితే వింటాడు. అయితే "పంచాంగంలో చూశాను" అనకు. "విశ్వం లెక్క కట్టాడు" అను. వదినా పిల్లలూ దగ్గరున్నప్పుడు, వాళ్లకూ వినిపించేలా అను. నేను నిన్ను అడిగేది ఇదొక్కటే. వచ్చేటప్పుడు మీ అటక మీద నేను దాచి వచ్చిన నీలం అట్ట నోటుబుక్కు తీసుకురా. అమ్మ పోయిన ఘడియ అందులో రాసి పెట్టాను.

శిరీష రెండో గడి తీసెయ్యలేదు. "దాచిన సార్, మీరు అన్నప్పుడు తెరుస్త" అంది. మంగళవారం అయ్యాక తెరవమంటాను.

బావగారికి నమస్కారాలు. పిల్లలకు ఆశీస్సులు. అమ్మాయి కొత్త ఇంట్లో కుదురుకుందా? నువ్వు మాత్రం నన్ను తిట్టుకోకుండా దీవించు. ఈ ఉత్తరం కొరియర్లో పంపుతున్నాను, రెండు రోజుల్లో అందుతుంది.

ఇట్లు,
నీ తమ్ముడు
విశ్వపతి

తా.క. ఇంతా చదివి, నా కోపమంతా అన్నయ్య మీదే అనుకుంటావు. కాదు. ఆయన మాట ఇచ్చిన క్షణమే మరిచిపోయే మనిషి, అది ఆయన తీరు. మొదటి అట్ట ఒక్క పేరుతో వచ్చిన రోజున నేను వంటింట్లోకి వెళ్లి, "నువ్వు విన్నావుగా, ఒక్కసారి అన్నయ్యకి చెప్పవే" అన్నాను. ఆవిడ తల ఎత్తకుండా "నేనేం వినలేదురా" అంది. వింది. "రెండు పేర్లు పడితే రెండు పొయ్యిలు పెడతారే" అని నీతో అందని, ఆవిడ పోయాక నువ్వే చెప్పావు. మంగళవారం మధ్యాహ్నం పురోహితుడు గోత్రం అడుగుతాడు, తరువాత పేరు అడుగుతాడు. అన్నయ్య చెబుతాడు, ఆయన వెనక కూర్చుని నేనూ చెబుతాను. నేను ఇప్పటికీ క్షమించలేనిది ఆవిడనే, మన అమ్మ సుభద్రమ్మని.