ఆమెకు తప్ప అందరికీ తెలిసిన సంగతి

కోవిల్‌పట్టి.

అన్నకూ వదినకూ సరళ నమస్కారాలు.

మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం. ఆయనకు మిల్లులో రాత్రి షిఫ్టు తప్పించారు, దగ్గు తగ్గింది. నీ మోకాలు ఎలా ఉంది? వదిన షుగరు చూపించుకుందా, లేక ఇంట్లో అందరి రక్తమూ పరీక్ష చేయించి తన వంతు వాయిదా వేసిందా? చిన్నమ్మ కంట్లో చుక్కలు వేళకు వేస్తున్నారని అనుకుంటాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. నువ్వు ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడతావు. నీ వరండాలో పేపరు చదవడానికి వచ్చినవాళ్లందరూ నా గొంతు వింటారు. ఈ సంగతి అలా వినదగ్గది కాదు. ఇందులో మేము అద్దెకున్న ఇంటామె జబ్బు గురించి ఉంది. ఆమెను అడిగే రాస్తున్నాను. "మీ అన్నకు రాసుకో. నా పేరు ఒకటి ఎత్తొద్దు" అంది. అందుకే ఇంటామె అనే రాస్తాను.

ఇక్కడ వాన లేదు. నల్లరేగడి నేల పగుళ్లిచ్చి ఉంది. మధ్యాహ్నం గాలికి ఇల్లంతా దుమ్ము. నీళ్లు ఒక రోజు వస్తే రెండు రోజులు రావు. తిండికి అలవాటు పడ్డాను, పులుసు అనేది రోజూ ఉంటుందని ఒప్పుకున్నాను. ఒప్పుకోలేనిది ఒంటరితనం. వీధిలో అందరూ తమిళం. నా తమిళం కూరగాయల బండి దాకానే. ఇంట్లో అడుగుపెడితే ఇంటామె తెలుగు. ఆ తెలుగు విన్నప్పుడల్లా మన అవ్వ లేచి వచ్చి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్లకే తెలియదు. చదవడం రాయడం తమిళమే, కడుపులో మాట మాత్రం తెలుగు. వెనకవైపు షెడ్డులో ఆమె వేరుశెనగ మిఠాయి చేయిస్తుంది. పొద్దున్నే బెల్లం పాకం వాసనతో నాకు మెలకువ వస్తుంది. అంతవరకూ సుఖమే.

ఇక అసలు సంగతి. పోయినసారి మాట్లాడినప్పుడు మనం పోట్లాడుకున్నాం. విరుదునగర్ ఆస్పత్రి మేనేజరు ఇళ్లలో కూర్చుని చేసే మా టైపింగు మానిపిస్తానన్నాడని చెబితే, నువ్వు ఆయన పక్షం తీసుకున్నావు. "రోగుల సంగతులు వంటింటి పక్కన కూర్చుని వినడమేమిటమ్మా, అవి ఆస్పత్రి నాలుగు గోడల మధ్య ఉండాల్సినవి" అన్నావు. నలభై ఏళ్లు యూనియన్‌లో తిరిగిన మనిషివి, యజమాని మాటను ఎంత నున్నగా చెప్పావో! ఆ నాలుగు గోడలు నేను చూశాను అన్నా. చెబుతాను విను.

మా పని నీకు తెలుసు. డాక్టర్లు రోగిని చూశాక ఫోనులోకి ఇంగ్లీషులో చెప్పేస్తారు. ఆ గొంతు నాకు వస్తుంది. చెవులకు తగిలించుకుని విని, టైపు చేసి పంపిస్తాను. మాట వినపడకపోతే ఖాళీ వదిలి, డాక్టరుకే ఫోను చేసి అడుగుతాను. పనిచేసేటప్పుడు గది తలుపు మూస్తాను. ఈ మూసిన తలుపుతో ఇంటామెకు మొదట్లో పెద్ద చిక్కు వచ్చింది. పట్టపగలు తలుపు మూయడమంటే వాళ్ల లెక్కలో అలిగినట్టు.

"ఏమ్మా పాపా, తలుపు మూసుకుంటివే, మా ఇంట్లో ఎవురన్నా ఏమన్నా అంటిరా?"

"లేదక్కా, పని."

"పనికి తలుపెందుకు? మేము ఇంత పాకం కాస్తా ఉండాము, తలుపేసుకోనే కాస్తామా?"

మెల్లగా చెప్పాను: లోపల వినిపించేది వేరేవాళ్ల సొంత సంగతి, నాకు వినపడటమే ఎక్కువ, గోడకు కూడా వినపడకూడదు అని. ఆ తరవాత ఆమే మిఠాయి కోసే ఆడవాళ్లను అదిలించేది: "ఆ పక్కకు పోవద్దండి, పాపకు రగసియం పని ఉండాది."

ఇప్పుడు ఆ నాలుగు గోడలు. మేనేజరు పిలిస్తే బస్సెక్కి విరుదునగర్ పోయాను. ఆస్పత్రి హాలులో నర్సు నిలబడి పేరు పిలుస్తుంది, పేరుతో పాటు జబ్బు కూడా పిలుస్తుంది. మొలలు ఎవరు, తెల్లబట్ట ఎవరు, పిల్లలు లేనివాళ్లు ఎవరు అని బల్లమీది వాళ్లందరికీ క్షణంలో తెలిసిపోతుంది. డాక్టరు గదిలో ఒకరిని చూస్తుంటే తరవాతి ముగ్గురు అక్కడే కూర్చుని వంతు కోసం కాచుకుంటారు. తలుపు ఉంది, దానికి బరువు చూసే మిషను అడ్డం పెట్టి ఎప్పుడూ తెరిచే ఉంచుతారు. ఇదంతా దాటుకుని మేనేజరు గదికి వెళ్లాను. ఆయన గదికి మాత్రం తలుపు ఉంది, మూసే ఉంది.

నా తమిళం విని ఆయన నవ్వాడు. "మీరు తెలుగువాండ్లా? మా ఇంట్లో కూడా తెలుగే మేడమ్. కానీ ఏమి సేసేది, ఇది పేషెంట్ల రగసియం. ఇంట్లో పిల్లోళ్లుంటారు, చుట్టాలొస్తారు."

"బయట హాల్లో ఉన్నవాళ్లు ఎవరు సార్?"

"అది వేరే మేడమ్. అది ఆస్పత్రి."

అదే అన్నా నన్ను మండించేది. ఆస్పత్రిలో జరిగితే అలవాటు, ఇంట్లో జరగకపోయినా అనుమానం. జీతం పెంచమని అడిగితే ఇంట్లోనే కదా కూర్చుంటావు అంటారు. పని తీసేయాలంటే ఇంట్లో కూర్చున్నావు కదా అంటారు. ఆడదాని ఇల్లు వాళ్లకు ఎప్పుడు ఏది కావాలంటే అది అవుతుంది. నా మీద నమ్మకం లేకపోతే నన్ను పరీక్షించండి, ఇల్లును తప్పుపట్టకండి అని చెప్పి వచ్చాను. నా గదిలోంచి ఒక్క మాట బయటికి పోయిందని రుజువు చేస్తే నేనే మానేస్తాను అన్నాను. అంత గర్వంగా అన్నాను.

ఆ మాట అని వచ్చాక కొద్ది రోజులకే ఒక ఫైలు వచ్చింది. డాక్టరమ్మ గొంతు. పేరు చెప్పింది, వయసు చెప్పింది, ఊరు కోవిల్‌పట్టి అంది. మా ఇంటామె. రొమ్ములో గడ్డ, సూదితో తీసి పరీక్షకు పంపారు, క్యాన్సరే. ఆపరేషను ఆలస్యం చేయకూడదు. ఇవన్నీ చెప్పి, గొంతు మారకుండా చివర ఒక వాక్యం చెప్పింది: ఈ సంగతి రోగికి తెలియనివ్వవద్దని కొడుకు కోరాడు.

టైపు చేశాను. వేళ్లు వాటంతటవే కదిలాయి. గోడకు అవతల ఆమె మిఠాయి బల్లమీద పాకం పరిపిస్తూ ఎవరినో తిడుతోంది. ఆ గొంతు నాకు ఒక చెవిలో, డాక్టరమ్మ గొంతు ఇంకో చెవిలో.

ఇక చూడు. డాక్టరుకు తెలుసు. నర్సుకు తెలుసు. కొడుకుకు తెలుసు, కోడలికి తెలుసు. అప్పుడు గదిలో వంతు కోసం కూర్చున్న ముగ్గురికీ తెలిసే ఉంటుంది. నాకు తెలుసు. ఆ ఒళ్లు ఎవరిదో ఆ మనిషికి తప్ప అందరికీ తెలుసు. దీన్ని మనవాళ్లు ప్రేమ అంటారు. కొడుకు చెడ్డవాడు కాడు, అగ్గిపెట్టెల కంపెనీలో గుమాస్తా, తల్లి అంటే ప్రాణం. భయం. ఆ భయానికి తల్లి ఆయుష్షు ఖర్చు అవుతోందని అతనికి తట్టలేదు.

ఎందుకంటే ఇంటామె ఏమంది తెలుసా? ఆ సాయంత్రం నాకు ఒక ముక్క మిఠాయి చేతిలో పెట్టి, "మా వాడు సెప్పినాడు, వట్టి కొవ్వు గడ్డ అంట. తీసేస్తారంట. దీపావళి సరుకు ఒప్పుకోని ఉండాను పాపా, అది అయిపోనీ. పండగైనాక సూస్తాము" అంది.

దీపావళికి ఇంకా చాలా రోజులుంది. ఆ ముక్క నాకు మింగుడు పడలేదు.

చెప్పేయొచ్చు. చెబితే మేనేజరు గెలుస్తాడు. నేనొక్కదాన్నే కాదు, నాలాగా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లందరి పనీ పోతుంది, న్యాయంగానే పోతుంది. వాళ్లలో ఒకామె భర్త మంచంలో ఉన్నాడు, ఆమెకు గడప దాటే వీలు లేదు. చెప్పకపోతే ఈమె గడ్డను మోసుకుంటూ మిఠాయి పెట్టెలు కడుతుంది. రోగి గుట్టు కాపాడాలనే నియమం రోగి మీదికే తిరగబడితే ఏం చేయాలో నాకు ఏ మీటింగులోనూ ఎవరూ చెప్పలేదు. రెండు రోజులు ఆయనతో కూడా మాట్లాడలేదు. ఆయన ఉప్పు ఎక్కువైందని అంటే ఏడ్చాను.

చివరికి నా పనిలోనే దారి దొరికింది. డాక్టరమ్మకు ఫోను చేశాను.

"డాక్టర్, ఒక ఫైలులో చివరి వాక్యం దగ్గర సందేహం."

"ఏ మాట వినపడలేదు?"

"మాటలన్నీ వినపడ్డాయి. అర్థం కాలేదు. ఆ కోరిక కొడుకుది. రోగి కోరిక ఏమిటి? ఆ జాగా ఖాళీగా ఉంది."

 డాక్టరమ్మ, "కొడుకు నా కాళ్లు పట్టుకున్నాడు. ఏం చేయమంటారు? ఆమె నన్నెప్పుడూ అడగలేదు" అంది.

"ఎలా అడుగుతుంది? పక్కన ముగ్గురు కూర్చుని ఉంటారు, కొడుకు నిలబడి ఉంటాడు, మీరు ఇంగ్లీషులో మాట్లాడతారు."

కోప్పడుతుందనుకున్నాను. "ఆమె అడిగితే చెబుతాను. ఆమే అడగాలి" అని పెట్టేసింది.

ఆ సాయంత్రం ఇంటామె బల్ల ముందు కూర్చుని మిఠాయి కోస్తోంది. ఆడవాళ్లు వెళ్లిపోయారు. నేను దగ్గర కూర్చున్నాను.

"అక్కా, మీ ఒంటి గురించి డాక్టరుకు తెలిసిందంతా మీరు తెలుసుకోవచ్చు. అది మీ హక్కు. మీ అబ్బాయిని బయట నిలబెట్టి మీరొక్కరే అడగండి."

"హక్కూ గిక్కూ నాకెందుకు? ఎందుకు అడగమంటావు?" కత్తి ఆగింది. "నువ్వు ఆ సెవులకు తగిలించుకోని వింటా ఉండావే, మా ఆస్పత్రివేనా అవి?"

"నా గదిలో విన్నది గది దాటదక్కా. ఎవరిదైనా సరే."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు, అంతకంటే ఏమీ చెప్పలేదు. మళ్లీ కత్తి ఆడింది.

"సరే. రేపు బస్సెక్కుతాము. నువ్వూ రా."

పోయాం. కొడుకూ వచ్చాడు. డాక్టరు గదిలో అడుగుపెట్టి ఇంటామె తమిళంలో అందరినీ బయటికి పొమ్మంది. కొడుకునూ పొమ్మంది. వంతు కోసం కూర్చున్నవాళ్లు లేవలేదు. డాక్టరమ్మే లేచి, వాళ్లను పంపి, బరువు మిషనును కాలితో పక్కకు నెట్టింది. ఆ తలుపుకు గడియ లేదన్నా, ఎప్పుడూ మూయకపోతే ఎందుకుంటుంది? నేను బయటినుంచి వీపు ఆనించి నిలబడ్డాను. నర్సు నన్ను తిట్టింది. ఒక ముసలాయన, "లోపలేమి, పెండ్లి మాటలా?" అని వెటకారం చేశాడు. "మీ వంతు వచ్చినప్పుడు మీకూ మూస్తాను తాతా" అన్నాను. తమిళం తప్పు వచ్చిందేమో, అందరూ నవ్వారు. కొడుకు మాత్రం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

చాలా సేపటికి ఆమె బయటికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది, నడక మామూలుగానే ఉంది. కొడుకు దగ్గరికి పరుగెత్తాడు.

"అమ్మా, ఏమి సెప్పిరి?"

"నాకు సెప్పిరి."

"ఏమని?"

"ఇన్నాళ్లు నువ్వు పెట్టుకోని ఉంటివి కదా. ఇంక కొంచం సేపు నేను పెట్టుకుంటాను."

వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, వాడి చేతిలోని సంచీ మాత్రం తీసుకుంది.

నా పని గురించి కూడా చెప్పాలి కదా. నేను డాక్టరమ్మను ఫోనులో అడిగిన సంగతి మేనేజరు దాకా పోయింది. విన్నది టైపు చేయడమే మా పని, డాక్టర్లను ప్రశ్నించడం కాదని ఉత్తర్వు పంపాడు. వచ్చే నెల నుంచి అందరం ఆస్పత్రికే వచ్చి కూర్చోవాలి. మంచంలో భర్త ఉన్నామె మానేసింది. దానికి నా నోరు కూడా కారణమే, ఆ బరువు నామీద ఉంది. నాకిచ్చిన జాగా ఇంజక్షను గది పక్కన, చెక్క అడ్డం మనిషెత్తు కూడా లేదు. పోయి చూసొచ్చాను. చెవులకు ఏమీ తగిలించుకోకుండానే అందరి జబ్బులూ వినపడుతున్నాయి. గోప్యత కాపాడటానికి నన్ను అక్కడ కూర్చోబెడుతున్నారు! నేను ఊరుకోను. ఆ డాక్టరమ్మ గదికి గడియ పెట్టించేదాకా రోజూ కాగితం రాస్తాను. నీ దగ్గర యూనియన్ అర్జీల భాష ఉంది, నాకొకటి రాసి పంపు.

నిన్ను అడగాలనుకున్నది వేరే ఉంది. నేను గుట్టు దాటించానా, లేదా? ఒక్క మాట కూడా చెప్పలేదు. కానీ "నేనేమీ వినలేదక్కా" అని ఒక అబద్ధం ఆడి ఉంటే ఆమె దీపావళి దాకా ఆగేది. నేను అబద్ధం ఆడకపోవడమే చెప్పడం అయిందా? రోజూ ఆలోచిస్తున్నాను. యజమాని పక్షం, కార్మికుల పక్షం కాకుండా, నీ పక్షాన ఆలోచించి రాయి.

తిరుగు బస్సులో సాత్తూరు దాటేదాకా ఆమె కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. తరవాత ముందు సీటులో ఉన్న కొడుకు భుజం తట్టి, "దీపావళి సరుకు వేరేవాళ్ల దగ్గర సేయించుకోమని అంగడోళ్లకు సెప్పు. నాకు క్యాన్సరంట. ఆపరేషను వచ్చే వారమే" అంది. బస్సులో సగం మందికి తెలుగు వచ్చే దారి అది. పక్క సీటామె అప్పుడే ఇటు తిరిగింది. నేను కంగారుపడి, "అక్కా, మెల్లగా, వింటున్నారు" అన్నాను.

"విననీ పాపా" అంది, గొంతు తగ్గించకుండా. "నేనే కదా సెప్తా ఉండేది."

ఆమెకు ఆపరేషను బాగా జరగాలని చిన్నమ్మను దీపం పెట్టమను. నాకు నమ్మకం లేదని తెలుసు, చిన్నమ్మకు ఉంది కదా, అది చాలు. మామకు, మీ వీధి పెద్దలకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే వదిన చేతి నల్లకారం ఒక డబ్బా పంపండి. మీ ఇద్దరి దీవెన నాకూ ఉండాలి, ఈమెకూ ఉండాలి.

నీతో పోట్లాడుతూనే ఉండే నీ చెల్లెలు,
సరళ