ముప్పయ్యో తారీకు దాకా గడ్డి

జూన్ 3

మెట్ల వెనక పన్నెండడుగుల జాగా నాకిచ్చారు. సెప్టెంబర్ 30 దాకా గడువు. అప్పటికి తోటలా కనబడకపోతే టైల్స్ పరిచి స్కూటర్లు పెడతారట. అపార్ట్‌మెంట్ సెక్రటరీ అంకుల్ మాట అది. ఎమ్మెస్సీ బాటనీ చదివి గడ్డి పెంచుతావా అని నవ్వారు కూడా. నవ్వనీ. ఉద్యోగం వచ్చేదాకా నా చేతులు ఊరుకోవు. రైలుకట్ట పక్కన గడ్డి వెన్నుల నుంచి దూసి తెచ్చిన విత్తనాలున్నాయి, మూడు రకాలు. ఇక్కడి గడ్డే. ఇక్కడి పిట్టలకి తెలిసిన గడ్డి.

జూన్ 19

మొలిచింది! ఇందులో కలుపేది, గడ్డేది అని అమ్మ అడిగింది. చెప్పలేకపోయాను. ఎమ్మెస్సీ.

ఆగస్టు 27, ఉదయం 6:40

దొంగ దొరికాడు. నడుమెత్తు పెరిగిన గడ్డి, విందు తిన్నవాడిలా ఎందుకు ఒరిగిపోతోందా అని వారంగా తల పట్టుకున్నాను. నాన్న! పైజమా ఎగ్గట్టి, టీ గ్లాసుతో యూరియా చల్లుతున్నాడు. దీనికి తిండి పెడితే కాళ్లు నిలవవు నాన్నా, పస్తుంటేనే నిటారుగా ఉంటుందని మొత్తుకున్నా. పిల్ల అంత కష్టపడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడట. తిడదామని నోరు తెరిచి నవ్వేశాను.

సెప్టెంబర్ 12

అంకుల్ ఇన్‌స్పెక్షన్. ఇది తోటా, పశువుల పాకా అన్నారు. మూడో అంతస్తులో ఆయన బాల్కనీ నుంచి చూస్తే ఎవరో పాత దుప్పటి పారేసినట్టుందట. నిజం చెప్పాలంటే, ఉంది. టైల్ శాంపిల్ కూడా చూపించారు. బూడిద రంగు.

సెప్టెంబర్ 15

పడిపోయిన ముందు వరస కత్తిరించి, చుట్టూ ఇటుకలు పేర్చాను. అమ్మ ఐడియా. అంచు నీటుగా ఉంటే లోపల అడవున్నా ఎవరూ ఏమనరట. అమ్మ ఏ కాలేజీలోనూ బాటనీ చదవలేదు.

సెప్టెంబర్ 21

వెన్నులొచ్చాయి. ఊదా రంగు, ఎండ పడితే వెండి. పొట్ట మీద చుక్కలున్న బుల్లి పిట్టలు వాలాయి. ఒకటి తనకు మూడింతల పొడుగు పోచ చీల్చి పైకి పట్టుకుపోయింది. ఎక్కడికో?

సెప్టెంబర్ 26

మూడో అంతస్తుకి! అంకుల్ బాల్కనీలో క్రోటన్ కుండీలోకి, గూడు కట్టడానికి. ఆయన చూడలేదు. ఆంటీ చూసింది. నోటి మీద వేలేసుకుని నాకు సైగ చేసింది.

సెప్టెంబర్ 29

మేస్త్రీ వచ్చి టేపుతో కొలుచుకుపోయాడు. రేపే.

సెప్టెంబర్ 30

ఐదు గుడ్లు. అంకుల్ స్వయంగా స్టూలెక్కి లెక్కపెట్టారట. మేస్త్రీని రావొద్దన్నారు. గూటికి ఇంకా కప్పు పడలేదు, కింద ఒక్క పోచ ఎవరు ముట్టుకున్నా ఊరుకోనని ఫోన్లో నాకే వార్నింగ్.

మీ నాన్న యూరియా చల్లే టీ గ్లాసు పైనుంచి కనిపిస్తూనే ఉంది, అది లోపల పెట్టించు అన్నారు.